చాకీ గదిలో వేడి నిలకడగా ఉండాలంటే: ఆర్డుయినోతో మీరే కట్టుకునే కంట్రోలర్

మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు చేరితే చిత్తూరులో లేని చలి తగులుతుంది. వి.కోట, కుప్పం దాకా ఇదే వాతావరణం. మల్బరీకి మంచిదే గానీ, చలికాలం రాత్రుల్లో చాకీ పురుగులు, అంటే మొదటి రెండు దశల లేత పట్టుపురుగులు, పెంచేవాళ్ళకు కంటి మీద కునుకు ఉండదు. పగలు బాగానే ఉన్న గది తెల్లవారుజాముకి చల్లబడిపోతుంది, పురుగు ఆకు తినడం తగ్గిస్తుంది. కొన్ని ముందు జ్వరానికి, అంటే తినడం ఆపి కుబుసం విడవడానికి, కూర్చుంటాయి, కొన్ని వెనకబడతాయి. అలా ఒకసారి వరస తప్పిన బ్యాచ్‌ని గూడు కట్టేదాకా సరిచేయలేం.

బొగ్గుల కుంపటి పెట్టడం పాత అలవాటు. తలుపులన్నీ మూసిన గదిలో అది పురుగుకీ మంచిది కాదు, రాత్రి లోపలికి వెళ్ళే మనిషికి ప్రాణాపాయం కూడా. కరెంటు హీటర్ మేలు. కానీ దాన్ని ఎప్పుడు వేయాలి, ఎప్పుడు ఆపాలి అని రాత్రంతా మనిషి కాపలా ఉండలేడు. ఆ పని ఆర్డుయినో అనే చిన్న మైక్రోకంట్రోలర్‌తో, అంటే మనం ఎక్కించిన ప్రోగ్రామ్ ప్రకారం నడిచే బోర్డుతో, చేయించవచ్చు. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న చాకీ గదికి దాన్ని ఎలా కట్టుకోవాలో వరసగా చెబుతాను. ఆర్డుయినోలో ప్రోగ్రామ్ ఎక్కించడం వచ్చినవాళ్ళు ఇంట్లో ఒకరుంటే చాలు. తిరుపతిలోనో చిత్తూరులోనో ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే ఈ పని వాళ్ళకు అప్పజెప్పండి, కాలేజీ ప్రాజెక్టుగానూ పనికొస్తుంది.

ఎంత వేడి కావాలి

మొదటి దశ పురుగుకి 28 డిగ్రీలు, రెండో దశకి 27. గాలిలో తేమ 85 నుంచి 90 శాతం. ఆ తర్వాత పురుగు పెరిగేకొద్దీ వేడి, తేమ రెండూ తగ్గిస్తూ పోవాలి. మూడో దశకి 26, నాలుగో దశకి 25, అయిదో దశకి 24 డిగ్రీలు. తేమ కూడా అయిదో దశకి వచ్చేసరికి 65–70 శాతానికి దిగాలి. పెద్ద పురుగులు మామూలు రేరింగ్ షెడ్డులో ఉంటాయి, అంత పెద్ద షెడ్డుని వేడి చేయడం వేరే లెక్క. ఇక్కడ మన దృష్టి చాకీ గది మీదే. 27 అంటే 27, అటూ ఇటూ అర డిగ్రీ. బైవోల్టిన్ (ఏడాదికి రెండు తరాలు వచ్చే పట్టుపురుగు జాతి) పెంచేవాళ్ళు ఈ అర డిగ్రీని మరీ గట్టిగా పట్టుకోవాలి.

కొనాల్సినవి

ఆర్డుయినో ఊనో బోర్డు ఒకటి. వేడి కొలిచే డీఎస్18బీ20 సెన్సర్లు మూడు, స్టీలు గొట్టంలో వచ్చేవి, పొడుగు వైరుతో. 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి. హీటర్ని వేసి ఆపడానికి 25 ఆంపియర్ల సాలిడ్ స్టేట్ రిలే (కదిలే భాగాల్లేని ఎలక్ట్రానిక్ స్విచ్), దాని వేడిని లాగేసే అల్యూమినియం హీట్ సింక్. చిన్న ఎల్‌సీడీ, బజర్, 5 వోల్టుల అడాప్టర్. వేడికి ఆయిల్ హీటర్ తీసుకోండి. ఎర్రగా కాలే కాయిల్ హీటర్ వద్దు. పారాఫిన్ పేపరు, ఎండిన ఆకు, గోనెసంచులు ఉండే గదిలో నిప్పులాంటి తీగ ఉండకూడదు. ఫ్యాన్ ఉన్న హీటరూ వద్దు. దాన్ని మాటిమాటికీ ఆపి వేస్తే ఫ్యాన్ కూడా ఆగిపోయి లోపలి కాయిల్ మాడిపోతుంది.

ఆయిల్ హీటర్లో రెండు మూడు స్విచ్‌లుంటాయి. 1000 వాట్ల దగ్గర ఉండే చిన్న స్విచ్ ఒక్కటే వేయండి. 230 వోల్టుల మీద 1000 వాట్లంటే సుమారు 4.3 ఆంపియర్లు. 25 ఆంపియర్ల రిలే ఎందుకంటారేమో. మార్కెట్లో దొరికే చవక రిలేల్లో పైన రాసిన అంకె మోయలేనివి చాలా ఉన్నాయి. అయిదారు రెట్లు ఎక్కువది తీసుకుంటే నిశ్చింత. మంచి రిలే అయినా దాని గుండా పోయే ప్రతి ఆంపియర్‌కీ ఒక వాట్‌కి పైగా వేడెక్కుతుంది, కాబట్టి హీట్ సింక్ మానేయొద్దు.

సెన్సర్ నిజం చెబుతోందా

కట్టే ముందే దీన్ని పరీక్షించండి. ఈ సెన్సర్ అర డిగ్రీ అటూ ఇటూ చూపించవచ్చని తయారీదారులే చెబుతారు. మనం పట్టుకోవాలనుకున్నదీ ఆ అర డిగ్రీనే. ఐసుని బాగా పొడిచేసి, గ్లాసు నిండా పోసి, సందులు నిండేంత నీళ్ళు పోయండి. అందులో మూడు సెన్సర్లూ ముంచి, కాసేపు కలుపుతూ ఉంటే 0 చూపించాలి. తర్వాత గోరువెచ్చని నీళ్ళలో జ్వరం చూసే మంచి థర్మామీటర్ పక్కన పెట్టి 37 డిగ్రీల దగ్గర పోల్చండి. ఏ సెన్సర్ ఎంత తేడా చూపిస్తోందో రాసుకుని, ఆ తేడాని ప్రోగ్రామ్‌లో తీసేయండి. మరిగే నీళ్ళు 100 డిగ్రీలు కదా అని వాటితో సరిచూడకండి. పలమనేరు ఎత్తులో నీళ్ళు 100 కంటే తక్కువకే మరుగుతాయి.

సెన్సర్లు ఎక్కడ పెట్టాలి

కంట్రోలర్ ఎంత బాగా కట్టినా, సెన్సర్ తప్పు చోట ఉంటే కష్టమంతా వృథా. గోడకి కొట్టిన సెన్సర్ గోడ చల్లదనాన్ని చెబుతుంది, పురుగు దగ్గరి వేడిని కాదు. హీటర్‌కి దగ్గరగా ఉంటే గది ఇంకా చల్లగా ఉండగానే చాలు అనేస్తుంది. తడి ఆకుకి తగిలితే ఆవిరయ్యే నీటి వల్ల చల్లబడి తక్కువ చూపిస్తుంది, హీటర్ అనవసరంగా మండుతుంది.

ట్రేల స్టాండులో అన్నిటికంటే కింది ట్రే ఎత్తున ఒకటి, నడుమ ఒకటి, పై ట్రే ఎత్తున ఒకటి, గాలిలో వేలాడేలా కట్టండి. ట్రేకి జానెడు దూరం, వైరు కదలకుండా. మొదటి రోజు ఏ కంట్రోలూ లేకుండా హీటర్ వేసి మూడు అంకెలూ చూడండి. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి పై ట్రేకీ కింది ట్రేకీ మధ్య కొన్ని డిగ్రీల తేడా కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఆ తేడా ఉన్నంతకాలం ఎంత తెలివైన ప్రోగ్రామూ ఏం చేయలేదు, దానికి ఉన్నది ఒక్క హీటరే. ఒక చిన్న ఫ్యాన్‌ని గోడ వైపు తిప్పి, అన్నిటికంటే తక్కువ వేగంలో పెట్టి గాలిని మెల్లగా కలపండి. గాలి నేరుగా ట్రేల మీదికి కొట్టకూడదు, లేత ఆకు వాడిపోతుంది. పైకీ కిందికీ తేడా ఒక డిగ్రీ లోపుకి వచ్చాకే తర్వాతి పనికి వెళ్ళండి. అంతటితో సగం పని అయినట్టే.

వైరింగ్, భద్రత

సెన్సర్‌కి మూడు వైర్లు. ఎరుపు 5 వోల్టులకి, నలుపు గ్రౌండ్‌కి, పసుపు డేటాకి. కొన్నింట్లో రంగులు మారతాయి, షాపులోనే అడిగి నిర్ధారించుకోండి. మూడు సెన్సర్లనీ ఒకే డేటా పిన్‌కి కలపవచ్చు, ప్రతిదానికీ లోపల సొంత నంబరు ఉంటుంది. 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ డేటాకీ 5 వోల్టులకీ మధ్య పెట్టాలి. రిలే ఇన్‌పుట్ ప్లస్ ఆర్డుయినో పిన్‌కి, మైనస్ గ్రౌండ్‌కి. అటువైపున హీటర్ ఫేజ్ వైరు మాత్రమే రిలే గుండా పోవాలి, న్యూట్రల్ కాదు.

230 వోల్టుల వైపు పని మాత్రం ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. తడి నేల, తడి చేతులతో తిరిగే గది ఇది. హీటర్ లైన్‌కి 10 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే తెగేది), 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తెగేది), పని చేసే ఎర్తింగ్, మూడూ ఉండి తీరాలి.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. సాలిడ్ స్టేట్ రిలే చెడిపోతే ఎక్కువగా ఆఫ్‌లో కాదు, ఆన్‌లో ఇరుక్కుంటుంది. అంటే ఆర్డుయినో ఆపమని మొత్తుకుంటున్నా హీటర్ మండుతూనే ఉంటుంది. చలికి పురుగు నెమ్మదిస్తుంది, పంట ఆలస్యమవుతుంది. అదే గది 40 దాటితే పురుగు మిగలదు. అందుకే రిలేతో వరసలో ఒక కేఎస్‌డీ301 థర్మల్ స్విచ్ కలపండి. 40 డిగ్రీలకి తెగేది, 10 ఆంపియర్లది, చేత్తో నొక్కితేనే మళ్ళీ కలిసే రకం అడగండి. దాన్ని కవరున్న చిన్న పెట్టెలో, పై ట్రే ఎత్తున బిగించండి. దీనికి ప్రోగ్రామూ అక్కర్లేదు, బోర్డూ అక్కర్లేదు. ఆయిల్ హీటర్‌కి సొంత థర్మోస్టాట్ కూడా ఉంటుంది. దాన్ని పూర్తిగా ఎక్కువలో పెట్టండి, మధ్యలో ఉంటే మన కంట్రోలర్‌కి తెలియకుండా అది హీటర్ని ఆపేస్తూ ఉంటుంది.

కంట్రోల్ పెట్టెని గది బయట గోడకి బిగించండి. బ్యాచ్ మారినప్పుడల్లా గదిలో బ్లీచింగ్, ఫార్మలిన్ లాంటివి కొడతారు. ఆ ఆవిరి బోర్డు మీది రాగిని తినేస్తుంది. లోపల ఉండాల్సింది సెన్సర్లు, థర్మల్ స్విచ్, హీటర్, ఆ చిన్న ఫ్యాన్. అంతే.

ఉట్టి ఆన్-ఆఫ్ ఎందుకు చాలదు

26.5కి దిగితే ఆన్, 27.5కి ఎక్కితే ఆఫ్ అని రాయడం తేలిక. చాలా థర్మోస్టాట్లు చేసేది ఇదే. కానీ పొయ్యి ఆపాక కూడా వేడి పెనం మీద దోసె కాలుతూనే ఉన్నట్టు, ఆయిల్ హీటర్ ఆపాక కూడా చాలాసేపు వేడి వదులుతుంది. గది 27.5 దాటి ఎక్కడికో పోతుంది. మళ్ళీ ఆన్ చేసినప్పుడు నూనె వేడెక్కేలోపు 26.5 కంటే బాగా కిందికి జారుతుంది. మీరు ఇచ్చింది ఒక డిగ్రీ హద్దు, గది ఊగేది దానికి రెండు మూడింతలు.

కావాల్సింది లక్ష్యానికి దగ్గరయ్యేకొద్దీ హీటర్ బలం తగ్గించుకుంటూ వెళ్ళే పద్ధతి. దాన్నే పీఐడీ అంటారు. ఓడల్ని దారి తప్పకుండా నడపడం గురించి నికొలాస్ మినోర్స్కీ 1922లో రాసిన వ్యాసంలో దీని గణితం ఉంది, ఇప్పటికీ ఫ్యాక్టరీల్లో నడిచేది అదే. మూడు ముక్కల్లో చెప్పుకోవచ్చు. పీ అంటే ఇప్పుడు ఎంత తేడా ఉందో దాన్నిబట్టి బలం. ఐ అంటే ఇంతసేపూ పేరుకున్న తేడాని బట్టి బలం. పీ ఒక్కటే ఉంటే గది 26 దగ్గరే ఆగిపోతుంది, మిగిలిన ఆ డిగ్రీని పూడ్చేది ఐ. డీ అంటే వేడి ఎంత వేగంగా మారుతోందో చూసి ముందే పగ్గం లాగడం. మన గదికి డీ వద్దు, సున్నా పెట్టేయండి. ఈ సెన్సర్ అంకె 0.0625 డిగ్రీల మెట్లుగా మారుతుంది. డీ ప్రతి మెట్టునీ పెద్ద మార్పుగా చూసి హీటర్ని అదరగొడుతుంది.

ప్రోగ్రామ్‌లో ఏముండాలి

బ్రెట్ బోరిగార్డ్ రాసిన ఆర్డుయినో పీఐడీ లైబ్రరీ ఉచితంగా దొరుకుతుంది, అదే వాడండి. అవుట్‌పుట్ హద్దులు 0 నుంచి 100 అని పెట్టండి, అది హీటర్ బలం శాతం. లెక్క 2 సెకన్లకొకసారి జరిగితే చాలు. ఇన్‌పుట్‌గా మూడు సెన్సర్ల సగటు ఇవ్వండి. సెన్సర్ ఒక్కసారి కొలవడానికి ముప్పావు సెకను పడుతుంది. ఆ సేపు ప్రోగ్రామ్ ఆగి కూర్చోకుండా, కొలవమని చెప్పి వేరే పని చేసుకుని తర్వాత వచ్చి అంకె తీసుకునేలా రాయండి.

35 శాతం బలం అంటే హీటర్‌కి తక్కువ వోల్టేజీ ఇవ్వడం కాదు. 10 సెకన్లని ఒక విడతగా తీసుకుని, 3.5 సెకన్లు ఆన్, మిగతా 6.5 సెకన్లు ఆఫ్. నూనెకి ఈ తేడా తెలియదు, దానికి అందేది సగటు వేడే. సాలిడ్ స్టేట్ రిలే కాబట్టి ఇన్నిసార్లు ఆన్-ఆఫ్ అయినా అరగదు. టిక్కు టిక్కుమనే మామూలు రిలే పెడితే కాంటాక్టులు త్వరగా పోతాయి, దాన్ని వాడొద్దు.

తెల్లవారుజామున కరెంటు పోయి వచ్చాక గది 18 దగ్గర ఉందనుకోండి. 27కి చేరేలోపు ఐ పేరుకుని పేరుకుని పూర్తిగా నిండిపోతుంది, గది 27 దాటాక కూడా హీటర్ తగ్గదు. దీనికి మందు ఒకటుంది. గది లక్ష్యం కంటే 2 డిగ్రీలకి మించి కింద ఉన్నప్పుడు లైబ్రరీని మాన్యువల్‌లో ఉంచి నేరుగా 100 శాతం ఇవ్వండి. 2 డిగ్రీల లోపుకి రాగానే ఆటోమేటిక్‌కి మార్చండి. మార్చే ముందు అవుట్‌పుట్ అంకెని 45 చేయడం మరవకండి. ఎందుకంటే ఈ లైబ్రరీ ఆటోమేటిక్‌కి మారే క్షణంలో అవుట్‌పుట్ ఎంతుంటే ఐని అక్కడినుంచే మొదలుపెడుతుంది. 100 దగ్గర వదిలేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. లక్ష్యం కంటే 2 డిగ్రీలు పైకి పోతే, అడక్కుండా సున్నా.

కాపలా నియమాలు కూడా రాయండి. సెన్సర్ అంకె సరిగ్గా 85 వస్తే దానికి కరెంటు అప్పుడే తగిలిందని, ఇంకా కొలవలేదని అర్థం. మైనస్ 127 వస్తే వైరు తెగిందని అర్థం. మూడింటిలో ఒకటి మిగతా రెండింటికీ 3 డిగ్రీలు తేడా చూపిస్తే దాన్ని పక్కనపెట్టి బజర్ కొట్టాలి. ఒక్కటే మిగిలితే హీటర్ ఆపి బజర్ కొట్టాలి. గంటసేపు పూర్తి బలం ఇచ్చినా వేడి పెరగకపోతే హీటర్ ప్లగ్ ఊడిందో, థర్మల్ స్విచ్ తెగిందో, తలుపు తెరిచి ఉందో, అప్పుడూ బజర్. ఊనోలో ఉండే వాచ్‌డాగ్ టైమర్‌ని 8 సెకన్లకి పెట్టండి, ప్రోగ్రామ్ బిగుసుకుపోతే బోర్డు తనంతట తనే మళ్ళీ మొదలవుతుంది.

అంకెలు ఎలా పట్టుకోవాలి

గదికి తగిన పీ, ఐ విలువలు ఊహించి పెట్టొద్దు, గదినే అడగండి. పురుగులు లేనప్పుడు, బయటి వేడి పెద్దగా మారని మబ్బు రోజున ఈ పరీక్ష చేయండి. ట్రేలు, స్టాండు, తడి గోనెలు అన్నీ పెంపకం సమయంలో ఉన్నట్టే ఉండాలి. హీటర్ ఆఫ్‌లో గది నిలకడగా ఎంతుందో చూడండి. తర్వాత కంట్రోల్ లేకుండా 40 శాతం బలం ఇచ్చి, నిమిషానికొకసారి అంకె రాసుకోండి, లేదా కంప్యూటర్‌కి కలిపి రాయించండి. అంకె పెరగడం ఆగేదాకా ఓపిక పట్టండి.

ఉదాహరణకి గది 20 దగ్గర మొదలై 26 దగ్గర ఆగిందనుకుందాం. 40 శాతానికి 6 డిగ్రీలు, అంటే ఒక్క శాతానికి 0.15 డిగ్రీ. హీటర్ వేసిన 5 నిమిషాలకి గానీ అంకె కదలలేదు, అది ఆలస్యం. కదలడం మొదలైనప్పటి నుంచి మొత్తం పెరుగుదలలో 63 శాతం, అంటే 23.8 డిగ్రీలు చేరడానికి 40 నిమిషాలు పట్టింది. ఈ మూడే కావాలి.

పీ విలువకి 40ని, 0.15నీ 5నీ గుణించి రెట్టింపు చేసిన దానితో భాగించండి. 40 బై 1.5 అంటే సుమారు 26.7. ఐ విలువకి ఆ 26.7ని 40 నిమిషాల్లోని 2400 సెకన్లతో భాగిస్తే 0.011. 25, 0.01 తో మొదలుపెట్టండి. పుస్తకాల్లో కనిపించే 1942 నాటి జీగ్లర్-నికల్స్ సూత్రంతో చేస్తే పీ దాదాపు రెట్టింపు, 48 వస్తుంది. అది త్వరగా చేరుస్తుంది గానీ ఊగిసలాట ఎక్కువ. పురుగుకి తొందర లేదు, నిలకడే ముఖ్యం. అందుకని మెల్లని అంకెలే నాకిష్టం.

ఆలస్యం ఇంకా తక్కువగా వస్తే ఐ లెక్కలో చిన్న మార్పుంది. ఆలస్యానికి 8 రెట్లు 40 నిమిషాల కంటే తక్కువైతే, ఆ తక్కువ అంకెతోనే భాగించాలి.

ఇదే లెక్కతో హీటర్ సరిపోతుందో లేదో కూడా తెలుస్తుంది. హీటర్ లేకుండా 20 ఉన్న గదిని 27లో ఉంచాలంటే 7 బై 0.15, సుమారు 47 శాతం బలం. పైన 45 అని చెప్పింది అందుకే, మీ గదికి మీ అంకె పెట్టుకోండి. హీటర్ లేకుండా 14కి పడిపోయే రాత్రయితే 87 శాతం కావాలి, ఇంకా సరిపోతుంది. మీ లెక్క 100 దాటితే పెద్ద హీటర్ కొనే ముందు కిటికీ సందులకీ రేకుల కిందా పాలిథీన్ కొట్టి చూడండి. ఖర్చు తక్కువ, కరెంటు బిల్లూ తగ్గుతుంది.

ఆటోమేటిక్‌లో పెట్టి ఒక రాత్రి గమనించండి. గంటల తరబడి ఒకే లయలో పైకీ కిందికీ ఊగుతుంటే పీని మూడోవంతు తగ్గించండి. లక్ష్యం చేరకుండా కింద నత్తనడక నడుస్తుంటే ఐని కొంచెం పెంచండి. రెండూ ఒకేసారి మార్చకండి, ఏది పని చేసిందో తెలియదు.

తేమ సంగతి

వేడి సర్దుకున్నాక చాలామంది తేమని మర్చిపోతారు, పురుగు దెబ్బతినేది అక్కడే. 20 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలిని నీళ్ళేమీ కలపకుండా 27కి వేడి చేస్తే తేమ 52 శాతానికి పడిపోతుంది. చాకీ పురుగుకి 85 కావాలి. అందుకని హీటర్ ఎంత ఎక్కువ మండితే అంత తేమ మీరే కలపాలి. తడి గోనెలు, ట్రేల అంచున తడి స్పాంజి ముక్కలు, పైన పారాఫిన్ పేపరు, ఈ మూడూ చాలావరకు నిలబెడతాయి. హ్యూమిడిఫయర్ ఉంటే దానికి పీఐడీ అక్కర్లేదు, 83కి ఆన్, 88కి ఆఫ్ చాలు. పురుగులు జ్వరానికి కూర్చున్నప్పుడు మాత్రం దాన్ని ఆపేయండి. అప్పుడు పడక పొడిగా ఉండాలి, పేపరు తీసేసి సున్నం చల్లే సమయం అది. పెట్టె మీద ఒక జ్వరం స్విచ్ పెట్టుకుంటే ఇంట్లో ఎవరైనా ఆ పని చేయగలరు.

బోర్డుకీ బజర్‌కీ బ్యాటరీ ఉంటే కరెంటు పోయినప్పుడు మిమ్మల్ని లేపుతుంది. పవర్ బ్యాంకు పెడితే ముందు పరీక్షించుకోండి. బోర్డు లాగే కరెంటు మరీ తక్కువ కాబట్టి కొన్ని పవర్ బ్యాంకులు ఏమీ కలపలేదనుకుని వాటంతట అవే ఆగిపోతాయి.

బ్యాచ్ పెద్ద షెడ్డుకి వెళ్ళాక, గదిలో మందు కొట్టే ముందు సెన్సర్లు, థర్మల్ స్విచ్ విప్పి బయటికి తీసి, తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. మళ్ళీ కట్టేటప్పుడు ఐసు పరీక్ష ఇంకోసారి చేయండి. జుట్టు ఆరబెట్టే డ్రయర్‌తో థర్మల్ స్విచ్‌ని వేడి చేసి హీటర్ నిజంగా ఆగుతోందా చూడండి. ఈ రెండూ అయ్యాకే చాకీ ట్రేలు లోపలికి తేండి.